కండక్టర్ అవుతానంటోంది, కుంచె వదలనంటోంది: గుంటూరు అమ్మాయికి దారేది?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల అమ్మాయి ఇంటర్ రెండో ఏడు, ఎంపీసీ. చర్చిలో క్వయర్‌కి కీబోర్డు వాయిస్తుంది, లండన్ ట్రినిటీ కాలేజీ సంగీత పరీక్షల్లో ఆరో గ్రేడు పాసైంది. చిన్నప్పటి నుంచీ బొమ్మలు వేస్తుంది. సింఫనీ ఆర్కెస్ట్రా, అంటే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వాయించే పెద్ద వాద్యబృందం, దాన్ని ముందు నిలబడి నడిపించే కండక్టర్‌ని అవుతాను, పెయింటింగ్ మాత్రం మానను అంటోందట. "ఇది బతుకుతెరువేనా? రెండు పడవల మీద కాళ్లు పెట్టడం కాదా? ఆడపిల్లను ఇలాంటి దారిలో పంపవచ్చా?" అని అడిగారు.

అమ్మా, నా మాటకు ఎంత విలువ ఇవ్వాలో మీరు తేల్చుకోవాలి కాబట్టి ముందు నా సంగతి చెబుతాను. నేను గుంటూరులో లూథరన్ చర్చి క్వయర్‌లో టెనర్, అంటే మగగొంతుల్లో పై వరస, పాడుతూ పెరిగాను. మద్రాసులో సినిమా రికార్డింగులకు వయొలా (వయొలిన్ కంటే కాస్త పెద్ద వాయిద్యం) వాయించాను. అరేంజర్లు రాసిన స్కోర్లు (అన్ని వాయిద్యాల వరసలూ ఒకేచోట ఉండే స్వరలిపి) పట్టుకుని వాద్యబృందం ముందు నిలబడి కండక్ట్ చేశాను. ఇప్పుడు విజయవాడలో పిల్లలకు వయొలిన్, స్టాఫ్ నొటేషన్ నేర్పుతున్నాను. లినోలియం మీద చెక్కి ప్రింట్లు తీయడం నా రెండో పని. మీ అమ్మాయి కోరుకుంటున్న లాంటి బతుకే చిన్న కొలతలో నేను బతికాను.

రెండూ ఉంచుకోవచ్చు. అయితే రెండిటికీ వయసు లెక్క వేరు. రవీంద్రనాథ్ ఠాగూర్ అరవై దాటాక బొమ్మల మీద గట్టిగా కూర్చున్నారు. ఆయన తొలి ప్రదర్శన 1930లో పారిస్‌లో జరిగింది. అరవై దాటాక కండక్టింగ్ మొదలుపెట్టి నిలబడినవాళ్లు మాత్రం నాకు కనపడలేదు. చెవి, వేళ్లు, స్కోరు చదివే వేగం ఇరవైల్లోనే కుదరాలి. పేరున్న కండక్టింగ్ పోటీల్లో చాలావాటికి 35 ఏళ్ల లోపు అన్న నియమం ఉంటుంది. కాబట్టి చదువు, పరీక్షలు, డబ్బు, ఊరు మారడం ఇవన్నీ సంగీతం కోసం పెట్టండి. బొమ్మలకు రోజూ ఒక గంట, ఒక మూల, ఒక బల్ల చాలు. నా సలహా మొత్తం ఇదే. కారణాలు కింద రాస్తున్నాను.

కండక్టర్ పనేమిటో మన ఇళ్లలో చాలామందికి స్పష్టంగా తెలియదు. చేయి ఊపుతూ తాళం వేస్తారు అనుకుంటారు. తాళం వేసే చేయి పాటతో పాటు నడుస్తుంది. కండక్టర్ చేయి పాటకంటే ఒక క్షణం ముందు నడుస్తుంది. బేతోవెన్ అయిదో సింఫనీ తెలియని మనిషి ఉండడు కదా, ఆ నాలుగు స్వరాల దెబ్బ. అది స్వరంతో మొదలవదు, నిశ్శబ్దంతో మొదలవుతుంది. రెండు బీట్ల కొలతలో మొదటి అర బీటు ఖాళీ, ఆ తర్వాతే మూడు పొట్టి స్వరాలు, ఆపైన నాలుగోది పొడుగ్గా. మన కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్లలకు నేను దీన్ని అనాగత గ్రహం అని చెబుతాను, వెంటనే పట్టుకుంటారు. తాళం ముందు పడింది, పాట తర్వాత ఎత్తుకుంది. ఇప్పుడు ఆలోచించండి: ఎనభై మంది ఆ ఖాళీ తర్వాత ఒక్కసారిగా పడాలి. నోటితో లెక్క చెప్పడానికి లేదు. కండక్టర్ చేయి పైకి లేచే ఆ ఒక్క కదలికలోనే ఎంత వేగం, ఎంత బలం, ఎంత కరుకుదనం అన్నదంతా తెలిసిపోవాలి. ఊపిరి పీల్చినట్టు ఉండే ఆ ఒక్క కదలికను నేర్చుకోవడానికి నా విద్యార్థులకు నెలలు పడుతుంది.

ఆ చేయి లేవడానికి ముందు చేసే పని ఇంకా పెద్దది. స్కోరులో ఒక్క పేజీ మీద పాతిక వరసలు ఉండవచ్చు. బి ఫ్లాట్ క్లారినెట్‌కి 'సి' అని రాసి ఉంటే వినపడేది బి ఫ్లాట్. ఎఫ్ హార్న్‌కి 'సి' అని రాసి ఉంటే వినపడేది కింది ఎఫ్. వయొలాకు క్లెఫ్, అంటే ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తు, వేరు. ఇవన్నీ ఏ వాయిద్యమూ లేకుండా, గదిలో ఒంటరిగా కూర్చుని లోపలి చెవితో వినాలి. రిహార్సల్లో రెండో బసూన్ తప్పు స్వరం వాయిస్తే అంతమందిలో అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పగలగాలి, అదీ వాయించినాయన మనసు నొచ్చుకోకుండా. మంచి ఆర్కెస్ట్రాల్లో ఒక కచేరీకి దొరికే రిహార్సళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అందుకే కండక్టర్ సగం బతుకు బల్ల దగ్గర నిశ్శబ్దంలో గడుస్తుంది.

బొమ్మలు వేసే పిల్లకు ఇక్కడ ఒక బలం ఉంది. దాన్ని మీరు తక్కువ చేయొద్దు. బొమ్మ వేసేవాళ్లు కాగితాన్ని ముక్కలుగా చూడరు, మొత్తంగా చూస్తారు. ఎక్కడ బరువు ఉంది, ఎక్కడ ఖాళీ ఉంది, కన్ను ఎటు నడుస్తోంది అన్నది ముందు తెలుస్తుంది. నలభై నిమిషాల సింఫనీని పట్టుకోవడానికి కావలసింది ఇలాంటి చూపే. పేరున్న అమెరికన్ కండక్టర్ లియొనార్డ్ బెర్న్‌స్టీన్ స్కోర్లు న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ఆర్కైవ్స్‌లో ఆన్‌లైన్లో ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. నీలం పెన్సిల్‌తో తనకోసం గుర్తులు, ఎరుపు పెన్సిల్‌తో వాయించేవాళ్ల కాగితాల్లోకి ఎక్కించవలసిన సూచనలు. మీ అమ్మాయికి ఆ పేజీలు చూపించండి. పేజీ మీద గీతలు గీసే అలవాటు ఎలా పనికొస్తుందో నేను చెప్పడం కంటే అవే బాగా చెబుతాయి.

రెండు కళలూ చేసినవాళ్లు ఎలా బతికారో చూద్దాం. లిథువేనియాకు చెందిన చుర్లియోనిస్ 1875లో పుట్టారు. వార్సాలోనూ లైప్‌జిగ్‌లోనూ సంగీతం చదివి, ఆ తర్వాత వార్సాలోనే చిత్రకళ పాఠశాలలో చేరారు. సింఫనిక్ పోయెమ్‌లు రాశారు, గాయక బృందాలను నడిపారు, బొమ్మలకు సొనాటా అని పేరు పెట్టి వాటిలో భాగాలకు అల్లెగ్రో, అందాంతే అని సంగీతంలోని వేగాల పేర్లిచ్చారు. 1908 నాటి సముద్ర సొనాటా ఆయన బొమ్మల్లో పేరుమోసినది. 35 ఏళ్లకే పోయారు, డబ్బు ఇబ్బందులతోనే బతికారు. ఆ బొమ్మలు నాకు ప్రాణం, కానీ ఆయన బతుకు దారి మీ పిల్లకు వద్దంటాను. రెండిటినీ ఒకేసారి నిప్పులా మండించుకున్న మనిషి ఆయన.

చిత్రకారుడు పాల్ క్లే సంగతి వేరు. తండ్రి సంగీతం మాస్టారు, తల్లి గాయని. ఆయన వయొలిన్ మీద ఎంత గట్టివారంటే బెర్న్ నగర ఆర్కెస్ట్రాలో వాయించేవారు. చివరికి బొమ్మలను వృత్తిగా ఎంచుకున్నారు, వయొలిన్ మాత్రం జీవితాంతం వదల్లేదు. ఇంట్లో చాలాకాలం ఆయన భార్య పియానో పాఠాల సంపాదనే ఆధారం. షోన్‌బర్గ్ కూడా ఉన్నారు. ఆయన కంపోజర్, తన రచనలను తానే కండక్ట్ చేసేవారు. 1910లో వియన్నాలో బొమ్మల ప్రదర్శన పెడితే, అప్పటికే ప్రపంచమంతా పేరున్న కండక్టర్ మాలర్ తన పేరు బయటపెట్టకుండా కొన్ని బొమ్మలు కొన్నారు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు నిండుతుంది. తోటి కళాకారుడికి సాయం చేస్తూ ఆయన గౌరవం కాపాడిన తీరు అది.

దూరం వాళ్లే ఎందుకు. బొమ్మ, పాట, నవల మూడూ ఒక్క చేతి మీదుగా నడిపిన అడివి బాపిరాజు గారు మనవారే. బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ దగ్గర చిత్రకళ నేర్చుకున్నారు. దుగ్గిరాల పక్కన తుమ్మపూడిలో ఉంటూ సంజీవదేవ్ గారు బొమ్మలు వేశారు, వ్యాసాలు రాశారు, ఎక్కడెక్కడి కళాకారులకో ఉత్తరాలు రాశారు. ఈ నేల మీద ఒక మనిషి రెండు మూడు కళలు చేయడం వింత కాదు. మీ బంధువులు "ఏదో ఒకటి చెయ్" అంటే మీరు ధైర్యంగా ఈ పేర్లు చెప్పండి.

ఇక బతుకుతెరువు. ఇక్కడ మెత్తగా చెప్పను. ప్రొఫెషనల్ సింఫనీ ఆర్కెస్ట్రా అని చెప్పుకోవడానికి మన దేశంలో ఉన్నది ముంబైలో ఎన్‌సీపీఏ అనే కళాకేంద్రం దగ్గర 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా. అంటే మన దేశంలో కండక్టర్ ఉద్యోగం కోసం క్యూలో నిలబడే పరిస్థితి లేదు, క్యూ కట్టడానికి ఉద్యోగాలే లేవు. 2025 మార్చిలో ఇళయరాజా గారు లండన్‌లో తన సింఫనీ వినిపించాక మన పిల్లల్లో ఈ ఆశ పెరగడం నేను చూస్తున్నాను, సంతోషమే. కానీ అక్కడ కూడా రాసినవారు వేరు, కండక్ట్ చేసినవారు వేరు. రాయడం, కండక్ట్ చేయడం వేరు వేరు చదువులు. మన దగ్గర ఈ చదువుతో దొరికే పనులు ఇవి: ఇంటర్నేషనల్ స్కూళ్లలో సంగీతం టీచరు, క్వయర్ డైరెక్టర్, సినిమాలకు స్ట్రింగ్స్ అరేంజ్ చేయడం, రికార్డింగ్‌లో కండక్ట్ చేయడం. మన సినిమాల నేపథ్య సంగీతం కోసం బుడాపెస్ట్‌, మాసిడోనియా ఆర్కెస్ట్రాలను వాడుతున్నారు కాబట్టి శుభ్రంగా స్కోరు, పార్ట్స్ (ఒక్కో వాద్యకారుడి కాగితాలు) తయారుచేయగలిగినవాళ్లకు పని ఉంది. గౌరవంగా బతకొచ్చు. సింఫనీ కండక్టర్‌గానే బతకాలంటే మాత్రం దేశం దాటాలి.

మన దేశంలో పుట్టి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న కండక్టర్ జూబిన్ మెహతా దారి చూడండి. 1936లో బొంబాయిలో పుట్టారు, తండ్రి మెహ్లీ మెహతా బాంబే సింఫనీ స్థాపకులు. ఇంట్లోనే అంత సంగీతం ఉన్నా మొదట మెడిసిన్‌లో పెట్టారు. అది వదిలి 1954లో వియన్నా వెళ్లి హాన్స్ స్వారోవ్‌స్కీ దగ్గర కండక్టింగ్ నేర్చుకున్నారు. అక్కడ డబుల్ బేస్ కూడా వాయించారు. ఆయనా, సహాధ్యాయి క్లౌడియో అబ్బాడో కలిసి ఒక పెద్ద క్వయర్‌లో బేస్, అంటే మగగొంతుల్లో అడుగు వరస, పాడేవాళ్లుగా చేరారు. గొప్ప కండక్టర్ల రిహార్సళ్లలోకి బయటివాళ్లను రానివ్వరు, క్వయర్‌లో ఉంటే ఎదురుగా నిలబడి చూడొచ్చు, అందుకు. 1958లో లివర్‌పూల్ పోటీ గెలిచారు. మీ అమ్మాయి ఇప్పటికే క్వయర్‌లో ఉంది. అది చిన్న విషయం కాదని చెప్పడానికే ఇదంతా రాశాను.

విదేశీ ఖర్చు గురించి ఒక లెక్క. జర్మనీలో ప్రభుత్వ సంగీత విశ్వవిద్యాలయాలు చాలావాటిలో ట్యూషన్ ఫీజు ఉండదు, కొన్నిచోట్ల ఉంటుంది. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థులకు సెమిస్టర్‌కి 1500 యూరోలు. వీసా కోసం బతుకు ఖర్చు కింద బ్యాంకులో చూపించవలసిన మొత్తాన్ని 2024లో ఏడాదికి 11,904 యూరోలు చేశారు. ఇది మారుతుంటుంది, అప్లై చేసే ఏడాది చూసుకోండి. ఫీజు కంటే గట్టి గోడ ప్రవేశ పరీక్ష. పియానో వాయించాలి, స్కోరును పియానో మీద చదివి చూపించాలి, వినిపించిన స్వరాలను రాయాలి, కొంతమంది వాద్యకారుల ముందు నిలబడి కండక్ట్ చేయాలి. జర్మన్ భాష కావాలి. ఇంటర్ అయిన వెంటనే వెళ్లడం మీ అమ్మాయికి తొందర. చెన్నైలో 2008లో ఏఆర్ రెహమాన్ గారు మొదలుపెట్టిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ ఉంది. అక్కడో, అలాంటి చోటో గట్టి పునాది వేసుకుని, ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్లకు బయటికి వెళ్లడం నాకు నచ్చిన దారి. బీఎఫ్‌ఏలో, అంటే చిత్రకళ డిగ్రీలో, చేర్చి పక్కన పియానో నేర్పిద్దాం అనుకుంటే మాత్రం వద్దంటాను. నాలుగేళ్లు స్టూడియోలో గడిచాక వేళ్లు, చెవి తిరిగి ఆ వేగం అందుకోవడం చాలా కష్టం.

ఈ ఏడాది ఇంట్లోనే ఏం చేయాలో చెబుతాను. మన చర్చిల్లో కీబోర్డు వాయించే పిల్లలందరూ పాడేవాళ్ల శ్రుతి మారగానే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కుతారు. మీ అమ్మాయిని ఆ బటన్ ముట్టుకోవద్దనండి. సి లో ఉన్న పాటను డి లో, బి ఫ్లాట్‌లో వేళ్లతోనే వాయించాలి. పైన క్లారినెట్, హార్న్ గురించి చెప్పాను కదా, ఆ చదువు ఇక్కడే మొదలవుతుంది. అలాగే కీబోర్డు తనంతట తానే వాయించే స్టైల్స్, రిథమ్ ఆపేయాలి. వేగాన్ని యంత్రం పట్టుకుంటే ఆ పిల్ల లోపల వేగం ఎప్పుడు పుడుతుంది? వీలైతే 88 బరువైన కీలున్న డిజిటల్ పియానో కొనండి, కీబోర్డుతో పియానో పరీక్ష దాటలేరు. రెండో వాయిద్యంగా వయొలిన్ గాని వయొలా గాని పట్టించండి. గుంటూరు, విజయవాడల్లో కర్ణాటక వయొలిన్ గురువులు ఉన్నారు, విజయవాడ ఘంటసాల సంగీత కళాశాల ఉంది. అక్కడ చెవి బాగా పదునెక్కుతుంది. కాకపోతే వాళ్లు నేల మీద కూర్చుని వయొలిన్ తల పాదం మీద ఆనించి వాయిస్తారు, ఆర్కెస్ట్రాలో గడ్డం కింద పట్టాలి. ఎడమ చేతి పట్టే వేరు. రెండూ ఒకేసారి మొదలుపెడితే చేయి తికమక పడుతుంది, ఒకటి ఎంచుకోండి.

చెవి ఎంత సిద్ధంగా ఉందో మీరే చూడవచ్చు. నాలుగు గొంతుల హిమ్ (చర్చి పాట) ఒకటి తీసుకుని, ఆడగొంతుల్లో పై వరస సొప్రానో, కింది వరస ఆల్టో, సొప్రానో, టెనర్, బేస్ వరసలు వాయిస్తూ ఆల్టో వరస పాడమనండి. ఆ తర్వాత టెనర్ పాడుతూ మిగతా మూడు వాయించమనండి. తడబడితే బెంగ వద్దు, ఆరునెలల తర్వాత మళ్లీ చూడండి.

అన్నిటికంటే ముఖ్యమైనది మనుషులను పోగుచేయడం. బొమ్మ ఒంటరిగా వేసుకోవచ్చు, కండక్టింగ్ ఒంటరిగా నేర్చుకోలేం. అద్దం ముందు బేటన్ (కండక్టర్ చేతి పుల్ల) ఊపితే చేయి కదులుతుంది గాని ఎదుటి మనిషి కదలడు. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ పెట్టారు. అందుకే మన ఊళ్లో నాలుగు గొంతుల పాట ఈనాటికీ బతికి ఉంది, క్రిస్మస్‌కు హాండెల్ హల్లెలూయా కోరస్ ఎత్తుకోగల క్వయర్లు ఉన్నాయి. ఈ సౌకర్యం మన దేశంలో చాలా ఊళ్లకు లేదు. మీ క్వయర్ మాస్టారుగారిని అడిగి, ఒక్కో గొంతుకు ఇద్దరు ముగ్గురు చొప్పున పదిమందిని అమ్మాయికి అప్పగించమనండి. ఒక హిమ్ చాలు. ఆలస్యంగా వచ్చే బేస్ అన్నయ్యలను, పక్కవాళ్లను చూసి పాడే ఆల్టోలను, పాడటం ఆపి ఫోన్ చూసుకునే పిల్లలను ఒక ఊపిరి మీదికి తేవడమే ఆ ఉద్యోగం. వయసులో పెద్దవాళ్లకు "అన్నయ్యా, రెండో లైనులో స్వరం దిగిపోతోంది" అని మర్యాదగా, జంకు లేకుండా చెప్పడం పదిహేడేళ్లకు వస్తే, మిగతాది నేర్పించొచ్చు. స్కోర్లకు డబ్బు పెట్టనక్కర్లేదు. కాపీరైటు తీరినవి ఐఎంఎస్‌ఎల్‌పీ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి.

ఆడపిల్ల అన్నారు. అమెరికన్ కండక్టర్ మారిన్ ఆల్సప్ 2007లో బాల్టిమోర్ సింఫనీ బాధ్యత తీసుకున్నారు. అమెరికాలోని పెద్ద ఆర్కెస్ట్రాలలో ఒకదానికి ఒక స్త్రీ మ్యూజిక్ డైరెక్టర్ కావడం అదే మొదలు. 2013లో లండన్‌లో ఏటా జరిగే ప్రామ్స్ సంగీతోత్సవం చివరి రాత్రి కచేరీని కండక్ట్ చేసిన మొదటి స్త్రీ కూడా ఆవిడే. దారి ఆలస్యంగానైనా తెరుచుకుంది. ప్రయాణాలు, రాత్రి కచేరీలు ఉంటాయి, నిజమే. మద్రాసు రికార్డింగుల్లో నా పక్కన వాయించిన ఆడవాళ్లు పిల్లల్ని పెంచుకుంటూ కాల్‌షీట్లు చేశారు. మీరు వెనక నిలబడితే ఆ పిల్ల ముందు నిలబడుతుంది.

బొమ్మల సంగతి చివరికి వదిలాను. ఒక కోరిక ఉంది. సంగీతం వింటూ దానికి బొమ్మ వేయమని ఎవరూ ఆ పిల్లను ఒత్తిడి చేయకుండా చూడండి. రెండు కళలు తెలుసనగానే అందరూ అడిగేది అదే, స్టేజి మీద పాట నడుస్తుంటే పక్కన క్యాన్వాస్ మీద రంగులు వేయమని. అందులో బొమ్మ పాటకు నౌకరు అవుతుంది. బొమ్మ దాని కాళ్ల మీద అది నిలబడాలి. కృష్ణ కరకట్ట మీద పొద్దున వెలుతురు, మిర్చి యార్డులో బస్తాలు మోసేవాళ్ల భుజాలు, వంటింట్లో మీ చేతులు, ఏది కనపడితే అది వేయనివ్వండి. బొమ్మలు అమ్మి ఇల్లు గడపాలన్న లెక్క ఇప్పుడే పెట్టొద్దు, అప్పుడు తేలిగ్గా అమ్ముడయ్యేవే వేయడం మొదలవుతుంది. తేదీ వేసి అన్నీ దాచమనండి. రిహార్సల్ చెడిన రోజున నన్ను నిలబెట్టింది చాలాసార్లు లినోలియం ముక్కే. అక్కడ నాకు ఎవరి అనుమతీ, ఎవరి ఊపిరీ అక్కర్లేదు. ఇతరుల శ్వాస మీద ఆధారపడే వృత్తిలో ఉన్నవాళ్లకు ఒంటరిగా చేసుకునే పని ఒకటి కావాలి, అందుకే కుంచె వదలనన్న ఆ పిల్ల మాటకు నా ఓటు.

ఎంపీసీ పరీక్షలు అయిపోనివ్వండి, మార్చి దాకా రోజుకు గంట పియానో తప్ప కొత్తది ఏదీ మొదలుపెట్టొద్దు. వేసవిలో ఏడో గ్రేడు జోలికి పోకుండా నేరుగా ఎనిమిదికి సిద్ధం చేయొచ్చేమో మాస్టారు వింటే తెలుస్తుంది. ఆ పదిమంది క్వయర్‌తో ఒక హిమ్ పాడించి ఫోన్లో తీసి, అమ్మాయి ముఖం, చేతులు కనపడేలా, వెనక నుంచి కాదు, ఎదురుగా నిలబడి ఒకసారి, పక్కనుంచి ఒకసారి తీసి ఉంచండి. ఏ గురువు దగ్గరికి వెళ్లినా మొదట అడిగేది అదే.